పదిమందిలో ఒక ఫిడేలు

(మహిళల రేడియో కార్యక్రమంలోని ప్రసంగ పాఠం)



జూన్ నెల వచ్చి బళ్ళు తెరిచారంటే మన ఇళ్ళల్లో మాటలన్నీ ఫీజుల చుట్టూ, పుస్తకాల చుట్టూ, ట్యూషన్ల చుట్టూ తిరుగుతాయి. ఆ మాటల మధ్యనే ఇంకొక మాట కూడా దొర్లుతుంది. మీరూ వినే ఉంటారు. "మా అమ్మాయి తొమ్మిదిలోకి వచ్చింది గదండీ, ఇంక ఆ ఫిడేలూ గిడేలూ మానిపించేశాం. పదో తరగతి గట్టెక్కనివ్వండి, అప్పుడు చూద్దాం" అంటారు. పదో తరగతి గట్టెక్కితే ఇంటర్ వస్తుంది. ఇంటర్ అయితే ఎంట్రన్సు. ఆ వెనక ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఆ ఫిడేలు అటక ఎక్కడమే గాని మళ్ళీ దిగడం నేను పెద్దగా చూడలేదు.

ఇవాళ నేను చెప్పదలచుకొన్నది సంగీతం గొప్పతనం గురించి కాదు. దాన్ని గురించి చెప్పడానికి విద్వాంసులున్నారు. నేను చెప్పేది అంతకంటె చిన్న సంగతి. హైస్కూల్లో పదిమంది పిల్లల మధ్య కూర్చుని, ఒక వాద్యబృందంలో తన వంతు వాయించిన పిల్లకు ఆ తర్వాత ఏం మిగులుతుంది? వాయించడం మానేసి నలభై ఏళ్ళయిన తర్వాత ఇంకా ఏమైనా మిగులుతుందా? తొమ్మిదో తరగతిలో మానిపించాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు ఇందులో ఉన్నదని నా నమ్మకం.

మాది ఉంగుటూరు ప్రాంతం. ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య, మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే పెద్దలైను మీద ఉంటుంది. కాలవలూ వరిచేలూ, ఆ చేలన్నీ దాటి పోతే కొల్లేరు. 1970వ దశకంలో నేను చదువుకొన్న హైస్కూలు ఆ చుట్టుపక్కలదే. ఆర్కెస్ట్రా అనే మాట మాకు సినిమా మొదట్లో పడే పేర్లలోనూ, పెళ్ళిళ్ళలో సినిమా పాటలు పాడే పార్టీవాళ్ళ బోర్డు మీదా తప్ప తెలియదు. మా బడిలో ఉన్నదాన్ని అందరూ 'పాటల బ్యాచి' అనేవారు. ప్రార్థనకూ, ఆగస్టు 15కూ, జనవరి 26కూ, బడి వార్షికోత్సవానికీ మేమే వాయించాలి.

మా బ్యాచిలో సరంజామా ఏమిటంటారా? ఒక హార్మోనియం. ఒకటిన్నర ఫిడేలు. ఒకటిన్నర ఎందుకన్నానంటే, రెండోదానికి రెండు తీగలే ఉండేవి. రెండు బుల్‌బుల్‌తారలు, తబలా జత, ఒక డోలక్కు, ఒక వేణువు, తాళాలు, డ్రిల్లు గదిలో పడి ఉండే ఒక చిన్న డ్రమ్మూ, ఒక పెద్ద డ్రమ్మూ. సంగీతం మేష్టారంటూ ప్రత్యేకంగా ఎవరూ లేరు. పద్యనాటకాల పిచ్చి ఉన్న తెలుగు మేష్టారే మా గురువు, మా కండక్టరు, తీగ తెగితే పాసింజరు బండెక్కి ఏలూరు వెళ్ళి కొత్త తీగ తెచ్చే మనిషీ.

ఆ రోజుల్లో హార్మోనియాన్ని అంతగా గౌరవించని పెద్దలు ఉండేవారని మీకు తెలిసే ఉంటుంది. మన ఆకాశవాణిలోనే 1940 నుంచి 1971 దాకా హార్మోనియం మీద నిషేధం ఉండేది. గమకం పలకదని, మన స్వరాలకు సరిపోదని వాదన. వాదన వాదనే గాని, కోస్తా జిల్లాల్లో ఏ భజన మందిరం, ఏ చర్చి, ఏ నాటక సమాజం ఆ పెట్టె లేకుండా నడిచింది చెప్పండి? మాకు మాత్రం శ్రుతి ఇచ్చేది అదే.

ఇక మనుషులు. హార్మోనియం వాయించే అమ్మాయి చర్చిలో ఆదివారం ప్రార్థనకు వాయించే కుటుంబంలోది. తాళాలూ తబలా రామాలయం భజన మేళంలో పెరిగిన పిల్లలవి. డోలక్కు కొట్టేవాడు కొల్లేటి లంక గ్రామం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకొనేవాడు. వేణువు పట్టినవాడు సన్నాయి మేళం వాళ్ళ అబ్బాయి. వాడి సంగతి కొంచెం చెప్పాలి. పెళ్ళి పందిట్లో వాడి తండ్రి ఒక అంచున కూర్చుని తెల్లవార్లూ వాయించేవాడు. "గట్టిమేళం" అని ఎవరైనా కేకేస్తే ఊదాలి. భోజనానికి అందరి తర్వాత పిలుపు. అదే ఊళ్ళో, బడిలో మాత్రం ఆయన కొడుకు ముందు వరుసలో కూర్చునేవాడు. మా అందరికంటె వాడికే స్వరజ్ఞానం ఎక్కువని మేష్టారికి తెలుసు. శ్రుతి సరిపోయిందా లేదా అన్నది వాడు తల ఊపితేనే ఖాయం. వాడు తల ఊపేదాకా కరణంగారి అబ్బాయైనా, మోతుబరి గారి అమ్మాయైనా తీగలు సవరించుకొంటూ కూర్చోవలసిందే. పెద్దవాళ్ళెవరూ ఆ సంగతి మీద ఉపన్యాసం ఇవ్వలేదు. నలభై నిమిషాల పీరియడులో దానంతట అదే జరిగిపోయేది.

చాలా ఏళ్ళ తర్వాత నాకు ఒక విషయం తెలిసి ఆశ్చర్యమేసింది. పాశ్చాత్య దేశాల పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాల్లో కచేరీ మొదలయ్యే ముందు ఓబో అనే వాద్యం ఒక స్వరం పలికిస్తుంది, తక్కిన వాద్యాలన్నీ దానికి శ్రుతి చేసుకొంటాయి. ఆ ఓబో ఏమిటంటే, మన సన్నాయిలాగే రెండు పీకలు కలిపి ఊదే వాద్యమట. అంటే సన్నాయికి దూరపు చుట్టమే! అక్కడ వందమంది ఆ ఒక్కరి కోసం ఆగుతారు.

నా సంగతంటారా, నాది ఆ రెండు తీగల ఫిడేలు. మొదటి ఆరు నెలలూ నేను వాయించింది రెండే స్వరాలు, షడ్జమం, పంచమం. పాట అందం అంతా బుల్‌బుల్‌తారలవాళ్ళు తీసుకుపోయేవారు. నేను మాత్రం కమాను పొడుగ్గా లాగుతూ, లెక్క పెట్టుకొంటూ, నా వంతు రాని చోట కమాను ఎత్తి ఊరుకొంటూ ఉండాలి. విసుగ్గా ఉండేది. మా అమ్మ "ఇదేం సంగీతమే, తలుపు కిర్రుమన్నట్టు" అనేది.

మేష్టారి సూత్రాలు రెండే రెండు. మొదటిది: "నీ వాద్యం నీకు బాగా వినిపిస్తున్నదంటే నువ్వు గట్టిగా వాయిస్తున్నావన్నమాట. పక్కవాడిది వినిపించేటంత మెత్తగా వాయించు." రెండోది: "తప్పితే ఆగవద్దు. ఆగితే తప్పు రెండవుతుంది. పాట ఎక్కడుందో చూసి అక్కడ కలుసుకో."

ఈ రెండు సూత్రాలూ ఇంట్లో ఒంటరిగా సంగీతం నేర్చుకొనే పిల్లకు తెలియవు. తెలియనవసరం కూడా లేదు. మనలో చాలామంది చిన్నప్పుడు ఎందుకు పాట నేర్చుకొన్నామో గుర్తు చేసుకోండి. పెళ్ళిచూపుల్లో "అమ్మాయీ, ఒక పాట పాడమ్మా" అంటారని. చాప మీద కూర్చుని, తల వంచుకుని, ఒక కీర్తన. వాళ్ళు "బాగుంది" అంటే చాలు. పెళ్ళయిన మర్నాటి నుంచి ఆ కీర్తన ఎవరికీ అక్కర లేదు. ఆ పాట పదిమందిలో ఒకరిగా ఉండడానికి నేర్పినది కాదు, పదిమంది చూపు పడడానికి నేర్పినది. బడి బ్యాచిలో పిల్ల వాయించింది ఎవరి మెప్పు కోసమూ కాదు, తన వంతు తప్పితే పక్కవాళ్ళ పాట చెడుతుందని. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, చాలా దూరం పోతుంది.

నిజానికి మన శాస్త్రీయ సంగీతంలో పదిమంది కలిసి వాయించే పద్ధతికి చోటు తక్కువే. మేళాలున్నాయి, భజనలున్నాయి, కాని కచేరీ అంటే ఒకరిది, తక్కినవారు పక్కవాద్యాలు. ఆకాశవాణి ఢిల్లీలో 1952లో వాద్యవృందం పెట్టినప్పుడు అది మన దేశానికి కొత్త ప్రయోగమే. దానికి రవిశంకర్ గారూ, టి.కె. జయరామయ్యర్ గారూ నాయకత్వం వహించారు. తర్వాత మన ద్రాక్షారామం నుంచి వెళ్ళిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు ఆ వాద్యవృందానికి ఎన్నో రచనలు చేశారు. ఒక్కొక్కరే సభను ఏలగల విద్వాంసులు ఒకరి కోసం ఒకరు ఆగి వాయించడమంటే ఎంత నిగ్రహం కావాలో ఊహించండి.

ఇక మా బ్యాచి పిల్లల్లో సంగీతం వృత్తిగా పెట్టుకొన్నది ఒక్క సన్నాయి వాళ్ళ అబ్బాయే. మిగిలిన వాళ్ళం సంసారాల్లో పడ్డాం. పెద్ద డ్రమ్ము కొట్టిన అమ్మాయిని గురించి మాత్రం చెప్పి తీరాలి. ఆడపిల్ల మెడలో డ్రమ్ము వేసుకొని ఊరి మధ్య నడవడమేమిటని కొందరు పెద్దమనుషులు హెడ్మాష్టారి దగ్గరకు వచ్చారు. హెడ్మాష్టారు వాళ్ళకు కాఫీలిప్పించి, "మీలో ఎవరైనా ఒక్క మైలు తాళం తప్పకుండా కొట్టుకొంటూ నడవగలిగితే ఆ పిల్లను మానిపిస్తాను" అన్నారు. ఆ ఆగస్టు 15న ఆ పిల్ల కొట్టిన దెబ్బకు బడి అంతా అడుగు కలిపి నడిచింది.

ఆమె ఇప్పుడు ఏలూరులో ఉంటోంది. భర్త పోయాక, ఇంటి కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగవలసి వచ్చింది. బల్ల అవతల కూర్చున్న మనిషి విసుక్కొంటుంటే నోరు పెగిలేది కాదట. "అప్పుడేం చేశావే" అని అడిగాను. "లోపల ఒకటి రెండు, ఒకటి రెండు అని కొట్టుకొన్నానే. నా వంతు రాగానే మొదలుపెట్టాను. మధ్యలో అడ్డం వచ్చినా ఆపలేదు" అంది. పని అయింది. తబలా పాఠాలూ, తాళాలూ, జతులూ అన్నీ మరిచిపోయిందామె. మిగిలింది ఇది.

వినడం మాత్రమే నేర్పితే ఆ చదువు సగమే. మన ఆడపిల్లలకు వినడం, సర్దుకోవడం ఎలాగూ ఇంట్లో కావలసినంత నేర్పుతాం. వంతు వచ్చినప్పుడు జంకకుండా ఎత్తుకోవడం, అదీ నలుగురూ నీ మీద ఆధారపడి ఉన్నప్పుడు ఎత్తుకోవడం, ఇది ఎవరు నేర్పుతారు?

ఇవన్నీ మా ఊరి కబుర్లు, వీటికి సాక్ష్యమేమిటని అడిగేవారుంటారు. శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పట్టించుకొన్నారు. అమెరికాలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో నీనా క్రాస్ అనే ఆవిడ పరిశోధనశాల నుంచి 2013లో ఒక పరిశీలన వచ్చింది. 55 నుంచి 76 ఏళ్ళ వయసు గల 44 మందిని తీసుకొన్నారు. వాళ్ళలో కొందరు చిన్నతనంలో 4 నుంచి 14 ఏళ్ళు వాద్యం నేర్చుకొన్నవారు, కాని నలభై ఏళ్ళుగా దాన్ని ముట్టుకోనివారు. వాళ్ళకు మాటల ధ్వనులు వినిపించి, మెదడు ఎంత త్వరగా స్పందిస్తుందో కొలిచారు. చిన్నప్పుడు ఎక్కువ కాలం వాయించినవారి మెదడు మిగిలినవారికంటె త్వరగా స్పందించింది. తేడా సెకనులో వెయ్యో వంతు మాత్రమే. అంతేనా అంటారేమో! పెద్దవయసులో మాట గుర్తుపట్టడం ఆలస్యమవడంలో అలాంటి చిన్న తేడాలే లెక్కకు వస్తాయి. పెళ్ళి హాల్లో నాలుగు గొంతుకలు ఒక్కసారి లేచినప్పుడు ఎదుటివారేమన్నారో అంతుపట్టక "ఆఁ? ఆఁ?" అనే మన అత్తగార్లను, ఇప్పుడు మనల్నే గుర్తుచేసుకోండి.

అంతకు ముందు 2011లో కాన్సస్ విశ్వవిద్యాలయం వైద్య కేంద్రంలో 60 నుంచి 83 ఏళ్ళ మధ్య ఉన్న 70 మందిని పరీక్షించారు. పదేళ్ళూ ఆ పైనా వాద్యం వాయించినవారు జ్ఞాపకానికీ, చురుకుదనానికీ సంబంధించిన పరీక్షల్లో అసలు వాయించనివారికంటె మెరుగ్గా ఉన్నారు. అందులో చాలామంది ఎప్పుడో వాయించడం మానేసినవారే.

మరి మార్కులు? మన అసలు భయం అదే గదా. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 1,12,000 మందికి పైగా విద్యార్థుల లెక్కలు తీసి 2019లో ప్రచురించారు. హైస్కూల్లో సంగీతం తీసుకొన్న పిల్లలు ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు మూడింటిలోనూ తీసుకోనివాళ్ళకంటె ముందున్నారు. అందులోనూ పాడేవాళ్ళకంటె బ్యాండులోనో ఆర్కెస్ట్రాలోనో వాయించేవాళ్ళకు ఆ మేలు ఎక్కువ కనిపించింది. ఏళ్ళ తరబడి గట్టిగా వాయించినవారైతే దాదాపు ఒక తరగతి ముందున్నట్టు లెక్క.

అయితే ఇక్కడ నేను ఒక మాట దాచను. వాయించినందువల్ల మార్కులు వచ్చాయా, మార్కులు వచ్చే పిల్లలే వాయించడానికి నిలబడ్డారా అన్నది ఇలాంటి లెక్కలు పూర్తిగా తేల్చలేవు. ఇంటి స్థితిగతులూ, అంతకు ముందరి మార్కులూ లెక్కలోకి తీసుకొన్నారు గాని, అయినా అనుమానానికి చోటుంటుంది. సంగీతం వల్ల తెలివి పెరుగుతుందన్న మాట వేరే పరిశీలనల్లో అంతగా నిలవలేదు కూడా. కనుక "ఫిడేలు నేర్పండి, లెక్కల్లో నూటికి నూరు" అని నేను చెప్పను. ఒక్కటి మాత్రం చెబుతాను: వాయించిన పిల్లలు వెనకబడలేదు. మనం మానిపించేది వెనకబడతారనే భయంతో గదా!

నాకు అన్నిటికంటె నచ్చిన పరిశీలన వెనిజువెలా దేశానిది. అక్కడ 1975లో హోసే ఆంటోనియో అబ్రేయు అనే ఆయన కారకాస్ నగరంలో ఒక గ్యారేజీలో 11 మంది పిల్లలతో ఒక ఆర్కెస్ట్రా మొదలుపెట్టారు. ఆయన ఆర్థికశాస్త్రం చదివిన మనిషి. వాద్యం చేతికిచ్చి మొదటి రోజు నుంచీ అందరితో కలిపి కూర్చోబెట్టడం ఆయన పద్ధతి. ముందు ఒంటరిగా పదేళ్ళు సాధన చెయ్యి, తర్వాత చూద్దాం అనడం కాదు. అది దేశమంతా పాకి లక్షల మంది పేద పిల్లలకు అందింది. ఆ పద్ధతిలో చేరిన పిల్లల మీద జరిపిన పెద్ద పరిశీలన ఒకటి 2017లో అచ్చయింది. అందులో తెలివితేటల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కనబడింది నిగ్రహంలో. తమను తాము అదుపు చేసుకోవడం పెరిగింది, పెంకితనం తగ్గింది. మా మేష్టారు బతికి ఉంటే "ఇది కనుక్కోడానికి ఇంత శ్రమా" అనేవారు.

ఇప్పుడు మన పిల్లలు పరదేశాల్లో స్థిరపడ్డారు. మనలో చాలామంది ఏడాదికో రెండేళ్ళకో అక్కడికి వెళ్ళి ఆర్నెల్లు ఉండి వస్తున్నాం. అమెరికాలో మనవలు చదివే హైస్కూళ్ళలో చాలాచోట్ల ఆర్కెస్ట్రా అనేది లెక్కలూ సైన్సులాగా ఒక పీరియడు. దానికి డిగ్రీ చదివిన టీచరు ఉంటారు. పెద్ద వాద్యాలు బడివాళ్ళే ఇస్తారు. సాయంత్రం కచేరీ అంటే పిల్లలంతా నల్లబట్టలు వేసుకొని, వయొలిన్లు, వయోలాలు, నిలబెట్టి వాయించే చెల్లోలు పట్టుకొని వరుసగా కూర్చుంటారు. మనవాళ్ళ పిల్లలు ఎక్కడ చూసినా ఇద్దరో ముగ్గురో కనబడతారు. ఇంట్లో కర్ణాటకం, బడిలో మోజార్టు. కింద కూర్చుని పాదం మీద ఫిడేలు ఆనించి గమకం పలికించే పిల్లే మర్నాడు కుర్చీలో కూర్చుని గడ్డం కింద ఫిడేలు పెట్టుకొని కాగితం చూసి వాయిస్తుంది. అక్కడ మనవరాలి కచేరీకి వెళ్ళినప్పుడు నేను గమనించింది ఒకటి. పాట లేని చోట పిల్లలు లెక్క పెట్టుకొంటూ కూర్చుంటారు, పెదవులు కదులుతుంటాయి. పదహారు లెక్కలు ఊరుకొని, పదిహేడో దానికి ఇరవై కమాన్లు ఒక్కసారి లేస్తాయి. ఊరుకోవడం కూడా వాయించడంలో భాగమని ఆ పిల్లలకు ఎవరూ వేరే చెప్పనక్కర లేదు.

అక్కడా మన తల్లిదండ్రులు మన తల్లిదండ్రులే సుమా! పదకొండో తరగతి వచ్చేసరికి "ఇంక ఆర్కెస్ట్రా మానేసి ఆ పీరియడులో ఇంకో సైన్సు తీసుకో" అనే వాళ్ళున్నారు. సముద్రం దాటినా తొమ్మిదో తరగతి భయం పదకొండో తరగతి భయమయింది, అంతే.

మళ్ళీ మన ప్రాంతానికి వద్దాం. మనకు అలాంటి ఏర్పాట్లు లేవు గదా, పల్లె బళ్ళలో ఏముందని అనుకోకండి. ఈ నేల చెవులు గల నేల. ఏలూరు పక్కన సోమవరప్పాడులో 1926లో పుట్టిన అన్నవరపు రామస్వామిగారు విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో 1948 నుంచీ దశాబ్దాల పాటు ఫిడేలు వాయించారు. 2021లో పద్మశ్రీ అందుకొన్నారు. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారి కథ ఇంకా ముచ్చటైనది. అయిదారేళ్ళ వయసులో తండ్రి మాండలిన్ పట్టుకొన్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు గాత్ర విద్వాంసులు, మాండలిన్ వాయించేవారు కారు. ఆయన పాడితే పిల్లవాడు విని, తీగ మీద ఆ స్వరం వెతుక్కొని వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. 2014లో ఆయన పోయారంటే ఎన్ని దేశాల వాళ్ళు బాధపడ్డారో! అలాంటి వాళ్ళు నూటికో కోటికో ఒకరు. మన పిల్లలను ఆయనతో పోల్చి చెప్పడం లేదు. కాని వినడంతోనే అంతా మొదలయిందన్నది గమనించండి.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది చెబుతాను. ముందు బడి సంగతి కనుక్కోండి. 2015 నుంచీ కేంద్ర ప్రభుత్వం తొమ్మిది మొదలు పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలకు 'కళా ఉత్సవ్' జరుపుతోంది, అందులో వాద్యసంగీతం కూడా ఉంది. 2020 నాటి జాతీయ విద్యా విధానం కళలు వేరు, చదువు వేరు అన్న గోడ ఉండకూడదని రాసింది. కాగితం మీద రాసింది బడిలోకి రావాలంటే తల్లులు అడగాలి. పేరెంట్స్ మీటింగుకు వెళ్ళినప్పుడు ర్యాంకు సంగతి ఎలాగూ అడుగుతాం, "వాద్యాలున్నాయా, ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్ని పీరియడ్లు" అని కూడా అడగండి. ఒక్కరు అడిగితే నవ్వుతారు. పదిమంది అడిగితే రాసుకొంటారు.

బడిలో లేదా, ఫరవాలేదు. మీ అపార్టుమెంటులో, మీ వీధిలో నాలుగు వాద్యాలు తప్పకుండా ఉంటాయి. ఒకింట్లో వేణువు, ఇంకో ఇంట్లో కీబోర్డు, ఎవరో ఒకరి దగ్గర తబలా. శనివారం సాయంత్రం ఒక గంట అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టండి. తొమ్మిదో తరగతి పిల్ల అయినా వారానికి ఒక గంట కరువు కాదు, ఆ గంట ఫోను పట్టుకొని పోగొట్టేదే. ఒకటే జాగ్రత్త. కీబోర్డులో బటన్ నొక్కితే దానంతట అదే తాళం వేసే ఏర్పాటు ఉంటుంది చూడండి, దాన్ని ఆపుచేయించండి. ఆ యంత్రం ఎవరి కోసమూ ఆగదు, ఎవరినీ వినదు. పిల్లలు దాని వెంట పరిగెత్తడం నేర్చుకొంటారే గాని ఒకరితో ఒకరు కలవడం నేర్చుకోరు. తాళం పిల్లల చేత్తోనే వేయించండి. మొదట్లో తప్పుతుంది, తప్పనివ్వండి.

ఏం వాయించాలంటారా? సినిమా పాటతో మొదలుపెడితే ఎవరి హీరో పాట అన్న తగువు వస్తుంది. సరళీస్వరాలూ, జంటస్వరాలూ, పిళ్ళారి గీతాలూ అందరికీ వస్తాయి. వాటితో పాటు ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరాలు వెతకండి. ఇవి సుమారు నలభై దాకా ఉన్నాయి. మద్రాసులో ఇంగ్లీషువాళ్ళ బ్యాండు వాయించే వరుసలు విని, వాటికి ఆయన సంస్కృతంలో సాహిత్యం కట్టారు. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులవారు ఆ రోజుల్లోనే ఫిడేలు నేర్చుకొని దాన్ని మన సంగీతంలోకి తెచ్చారు. ఆ వరుసల్లో గమకాల బరువు ఉండదు. బ్యాండు పాటలు గనుక పదిమంది కలిసి వాయిస్తేనే అందం. రెండు వందల ఏళ్ళ కిందటే పిల్లల వాద్యబృందానికి కావలసిన పాఠాలు తయారయి ఉన్నాయన్నమాట.

బృందంలో ఎవరు ముందు కూర్చోవాలన్నది పెద్దవాళ్ళు తేల్చవద్దు. టీవీ పోటీలకు పంపాలన్న తొందర అసలే వద్దు. ఆ తొందర మొదలయిందంటే బాగా వాయించే పిల్ల ఒక్కతే మిగులుతుంది, శ్రుతి వేసే పిల్ల ఇంటికి పోతుంది. నా అనుభవంలో శ్రుతి వేసిన పిల్లకు దక్కేది తక్కువేమీ కాదు.

అటక మీద వాద్యం ఉన్న అక్కచెల్లెళ్ళకు కూడా ఒక మాట. మీరు నలభై ఏళ్ళ కిందట వదిలేసినా ఫరవాలేదు, ఆ శనివారం గంటలో మీరూ కూర్చోండి. హార్మోనియం దింపితే ముందు తిత్తి విప్పి దీపం వెలుగులో చూడండి, బొద్దింకలు కొట్టిన కంతలుంటే తోలు ముక్క అంటిస్తే సరిపోతుంది. కొల్లేటి వైపు గాలికి, వానాకాలం చెమ్మకు తబలా మూతలు వదులవుతాయి, కాసేపు ఎండ తగలనిచ్చి అప్పుడు గట్టాలు బిగించుకోండి. ఫిడేలు బిరడాలు జారుతుంటే వాటికి కాస్త సుద్దముక్క రాయండి. తీగలు తుప్పు పట్టి ఉంటే వాటితో కుస్తీ పట్టకండి, కొత్తవి వేయించుకోండి. తీగ ఒక్కసారి బిగించవద్దు, నాలుగు రోజులు కొంచెం కొంచెంగా బిగిస్తూ రండి. వాయించడం అయ్యాక కమాను మర వదులు చేసి పెట్టెలో పెట్టడం మాత్రం మరిచిపోకండి, బిగించి వదిలేస్తే కర్ర వంగిపోతుంది.

సెలవు.